తుమ్ములు ఆగిన రోజు

బస్సు నడిపి రిటైరైన వాడు కనబడితే కొత్త డ్రైవర్లు అడిగే మొదటి మాట ఒకటే. మీ సర్వీసులో పెద్ద ప్రమాదం ఏది అని. ఘాట్ రోడ్డు కథో, వరదలో చిక్కుకున్న కథో చెబుతానని చూస్తారు. నేను తుమ్ముల గురించి మొదలుపెడితే నవ్వుతారు. నవ్వనీ. నేను కూడా చాలా రోజులు దాన్ని నవ్వులాటగానే తీసుకున్నాను. అందుకే ఇప్పుడు ఇది రాస్తున్నాను. స్టీరింగు ముందు కూర్చునే వాళ్ళు, రేపు కూర్చోబోయే వాళ్ళు ఒకసారి చదవాలని నా కోరిక. పేర్లు మాత్రం ఎవరివీ రాయను. వాళ్ళలో చాలామంది ఇంకా ఆ దారిలోనే తిరుగుతున్నారు.

నా ఉద్యోగంలో చివరి ఎనిమిదేళ్ళు మేడ్చల్, శామీర్‌పేటల మధ్యనే గడిచాయి. మాది అత్వెల్లి. వెలుతురు రాకముందే స్కూటర్ మీద డిపోకు చేరి, బస్సు చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లు తట్టి చూసి మొదటి ట్రిప్పు తీసేవాణ్ణి. నేను ఆ దారికి వచ్చిన కొత్తలో రెండు పక్కలా ద్రాక్ష తోటలు కొన్ని ఇంకా మిగిలి ఉండేవి. తర్వాత అవి ఒక్కొక్కటే వెంచర్లయ్యాయి. గేటు కట్టి, హద్దురాళ్ళు పాతి, లోపల రోడ్లు వేసి ప్లాట్లు అమ్మి వెళ్ళిపోతారు. ఇళ్ళు మాత్రం లేవవు. వానలు పడ్డాక ఆ ఖాళీ ప్లాట్లలో నడుమెత్తు వయ్యారిభామ కలుపు మొలుస్తుంది. పూత మీద ఉన్నప్పుడు కొత్తిమీర చేను పూసినట్టు దూరానికి తెల్లగా, అందంగానే ఉంటుంది. నాకు మాత్రం ఆ తెలుపు చూస్తేనే ముక్కులో చీమలు పాకినట్టయ్యేది.

మొదట్లో పొద్దున పూట రెండు మూడు తుమ్ములు. తర్వాతి ఏడాది పది. ఆ తర్వాత లెక్క లేదు. ఒకటి మొదలైతే వరసగా పదిహేను దాకా వచ్చేవి. కళ్ళు దురద పెట్టి నీళ్ళు కారేవి. అంగిట్లో గోక్కోలేని చోట దురద. బస్సు నడిపేవాడికి తుమ్ము అంటే ఏమిటో ఇక్కడ చెప్పాలి. తుమ్మేటప్పుడు కళ్ళు మూతపడతాయి, మన చేతిలో లేదు. యాభై కిలోమీటర్ల వేగంతో పోతున్న బస్సు ఒక్క సెకనులో నలభై అయిదు అడుగులు పోతుంది. పదిహేను తుమ్ములంటే పదిహేను సార్లు గుడ్డివాడు బస్సు నడిపినట్టు.

దానికి తోడు శకునాలు. మేడ్చల్ స్టాండులో బస్సు తీస్తూ నేను తుమ్మితే, శామీర్‌పేటలో రిజిస్ట్రేషన్ పనికో, పెళ్ళిచూపులకో బయలుదేరినవాళ్ళు లేచి దిగిపోయేవాళ్ళు. మా కండక్టరమ్మ వాళ్ళను మెట్ల దగ్గరే ఆపేది. ఒక్క తుమ్ము అయితే అపశకునం గానీ రెండు తుమ్మితే శుభమని, మా డ్రైవరన్న ఎప్పుడూ ఒక్క దానితో ఆపడని చెప్పి మళ్ళీ కూర్చోబెట్టేది. ఆమెది యాప్రాల్. ఇద్దరు పిల్లల తల్లి. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది. మాట తక్కువ, చూపు ఎక్కువ. అప్పటికి మేమిద్దరం నాలుగేళ్ళుగా ఒకే బస్సు మీద ఉన్నాం.

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు పరిస్థితి మారింది. తుమ్మితే ఎవరూ శకునం గురించి మాట్లాడటం లేదు. ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని వెనక సీట్లకు జరిగిపోతున్నారు. ఇది అంటుకునేది కాదమ్మా, పూల పుప్పొడి పడక వచ్చేదని అద్దంలోంచి చెప్పినా వినేవాళ్ళు లేరు. ఒకాయన నా ఫోటో తీసి డిపోకు పంపిస్తానన్నాడు. ఆ మాట నాకు చురుక్కుమని తగిలింది.

ఎందుకంటే మా డిపోలో ఒక డ్రైవర్‌కు చూపు మందగించిందని మెడికల్ పరీక్షలో తేలితే స్టీరింగు నుంచి దింపేశారు. ఇరవై ఏళ్ళు బస్సు నడిపిన మనిషి గొట్టం పట్టుకుని షెడ్డులో బస్సులు కడిగేవాడు. మేము పక్క నుంచి పోతుంటే తల ఎత్తేవాడు కాదు. నా తుమ్ముల సంగతి పైకి తెలిస్తే నా గతీ అంతేనని నేను నిశ్చయించుకున్నాను. ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇంత ఉండేది కాదు.

ఇంట్లో వైద్యాలన్నీ అయ్యాయి. మా ఇంటామె పసుపు వేసి ఆవిరి పట్టించింది. వాము మూటగట్టి వాసన చూపించింది. ఆ కాసేపు ముక్కు తెరుచుకునేది, బస్సు ఎక్కగానే మళ్ళీ మొదలు. చివరికి స్టాండు ఎదుట మెడికల్ షాపులో అడిగాను. ఆయన ఒక గోళీల పట్టీ ఇచ్చి రాత్రి పడుకునే ముందు ఒకటి వేసుకోమన్నాడు. నాకు తుమ్ములు వచ్చేది పొద్దున కదా, రాత్రి వేసుకుంటే ఏం లాభమని నేను పొద్దున వేసుకున్నాను. తప్పు షాపాయనది కాదు, నాది.

ఆ మొదటి రోజు నాకు ఇంకా గుర్తుంది. అరగంటలో ముక్కు ఆరిపోయింది. కళ్ళ దురద పోయింది. వెంచర్ల పక్కనుంచి అద్దం తెరిచి పోయినా ఒక్క తుమ్ము లేదు. ముక్కుతో గాలి పీల్చుకోవడం ఇంత హాయిగా ఉంటుందని మరిచేపోయాను. ఇంటికి పోతే పప్పులో పెట్టిన పోపు వాసన వాకిట్లోకే తగిలింది. ఇన్నేళ్ళు ఎందుకు బాధపడ్డానా అనిపించింది. ఇద్దరు ముగ్గురికి చెప్పుకుందామనుకుని, చెబితే మొదట తుమ్ముల సంగతి చెప్పాలి కాబట్టి ఊరుకున్నాను.

వారం గడిచింది. పూత ముదిరిన కొద్దీ ఒక గోళీ చాలలేదు. రెండు వేసుకున్నాను. అప్పుడు మొదలైంది అసలు కథ. దాన్ని నిద్ర అనడానికి లేదు. ఆవలింతలు రావు. కళ్ళు తెరిచే ఉంటాయి, చేతులు స్టీరింగు మీదే ఉంటాయి, మనిషి మాత్రం కాస్త వెనక ఉండిపోతాడు. గేరు మార్చాక, మార్చానా లేదా అని అనుమానం వచ్చేది. దాటిన ఊరు దాటినట్టు గుర్తుండేది కాదు. ప్రతి ట్రిప్పు చివర మొహం కడుక్కుని, చాయ్ తాగి, నేను బాగానే ఉన్నానని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

కండక్టరమ్మ కనిపెట్టింది. ఒకరోజు ఆమె విజిల్ వేసినా వినిపించుకోకుండా ఒక స్టేజీ దాటించేశాను. దిగాల్సిన ముసలాయన అర కిలోమీటరు వెనక్కి నడిచాడు. ఆ సాయంత్రం డిపోలో నా దగ్గరికి వచ్చింది.

“అన్నా, నీకు ఏమైతాంది?” అంది. “విజిల్ ఏస్తే ఇనవడ్తలేదు. మొన్న కూడా గిట్లనే చేసినవ్.”

రాత్రి నిద్ర లేదని చెప్పాను. ఆమె పోలేదు. నా చొక్కా జేబు వైపు చూసింది. గోళీల పట్టీ అంచు బయటికి కనబడుతోంది.

“గా గోళీలు ఏంటియి?”

నాకు కోపం వచ్చింది. దొరికిపోయినవాడికి వచ్చే కోపం అది. నువ్వు టికెట్లు చూసుకో, బస్సు నేను చూసుకుంటానన్నాను. నాలుగేళ్ళలో ఆమెతో అట్లా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె వెళ్ళిపోయింది. మరునాటి నుంచి నాతో మాటలు మానేసింది. కానీ ఒకటి గమనించాను. టికెట్లు కొట్టడం అయిపోగానే ఇదివరకు వెనక తలుపు దగ్గర తన సీటులో కూర్చునేది. ఇప్పుడు ముందుకు వచ్చి ఇంజన్ బానెట్ పక్కన, నా మొహం కనబడేట్టు నిలబడుతోంది. నన్ను కాపలా కాస్తోందని నాకు ఇంకా మండింది.

ఆ రోజు కార్తీక సోమవారం. రెండో ట్రిప్పు. గుడికి పోయే ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు, కంపెనీ పనులకు పోయేవాళ్ళు, నిలబడినవాళ్ళతో కలిపి అరవై మంది దాకా ఉన్నారు. వరికోతలు అయిన రోజులు. రైతులు రోడ్డు మీద ఎడమ సగం వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా అంచున రాళ్ళు పేర్చి పెడతారు. మనం కుడికి తప్పుకుని పోవాలి. మా దారిలో అందరికీ అలవాటే.

దూరం నుంచే చూశాను. పసుపుపచ్చగా వడ్ల చాప. దాని మీద ఎర్రచీర కట్టిన ఒక అవ్వ, కాళ్ళతో వడ్లు తిరగేస్తూ మెల్లగా నడుస్తోంది. వీపు మా వైపు ఉంది. కుడికి తిప్పాలి అనుకున్నాను. అనుకున్నంత వరకు నాకు గుర్తుంది.

తర్వాత గుర్తున్నది చప్పుడు. టికెట్ల మిషన్‌తో బానెట్ మీద ధన్ ధన్ ధన్‌మని ఎవరో కొడుతున్నారు. టైర్ల కింద రాళ్ళు పగిలి అడుగు రేకుకు తగులుతున్నాయి. నా భుజం పట్టుకుని ఊపుతున్నారు. అద్దం నిండా ఎర్రచీర. కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. వడ్ల మీద టైర్లు నిలవలేదు, ఇసుక మీద జారినట్టు బస్సు ముందుకు జారుతూనే పోయింది. ఎర్రచీర అద్దంలోంచి మాయమైంది. అప్పుడు ఆగింది.

ఇంజన్ ఆగిపోయింది. వెనక ఏదో స్టీలు డబ్బా దొర్లి దొర్లి నిలిచింది. నేను దిగలేకపోయాను. తలుపు తీసుకుని దిగితే కింద ఏం చూడాలో అని చేతులు స్టీరింగును వదల్లేదు. కండక్టరమ్మ దూకి బస్సు ముందుకు పరుగెత్తింది. ఆమె తల కిందికి వంగింది. ఆమె మొహం మళ్ళీ పైకి వచ్చే దాకా నేను ఊపిరి పీల్చలేదు.

చెయ్యి ఊపింది. రమ్మని.

అవ్వ రోడ్డు పక్క కాలువలో ఉంది. చప్పుడు విని పక్కకు దూకింది. మోకాలు గీరుకుపోయింది, అంతే. జుట్టులో, చీర మడతల్లో వడ్లు. కండక్టరమ్మ చెయ్యి పట్టుకుని పైకి వచ్చి, తన వడ్ల మీద టైర్ల జాడలు చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది. తిడుతుందని తల వంచుకున్నాను.

“నిద్రవోయినవా కొడుకా?” అంది.

కోపం లేదు ఆ గొంతులో. ఇంట్లో పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగింది. అప్పటికి బస్సులోంచి జనం దిగి చుట్టూ చేరారు. పొలంలోంచి అవ్వ మనుషులు పరుగెత్తుకొస్తున్నారు. అందరూ నా జవాబు కోసం చూస్తున్నారు. నా నోట్లోంచి ఒక మాట వచ్చింది.

“బ్రేకు పట్టలే.”

ఆ రెండు మాటలతో జనం నన్ను వదిలేశారు. డొక్కు బస్సులని, షెడ్డులో ఎవరూ చూడరని తిట్టడం మొదలుపెట్టారు. నా పక్కన నిలబడిన కండక్టరమ్మ మాత్రం ఆ తిట్లలో కలవలేదు. వేరే బస్సు ఆపి ప్రయాణికులను ఎక్కించి పంపింది. డిపో జీపు వచ్చే దాకా అవ్వతో కలిసి చెదిరిన వడ్లు చేతులతో పోగు చేసింది. నేనూ వంగి ఎత్తాను. మొహం నిండా వడ్ల దుమ్ము లేచింది. రోడ్డుకు అవతల ప్లాట్లన్నీ తెల్లగా పూసి ఉన్నాయి. అంత దుమ్ములో నాకు ఒక్క తుమ్ము రాలేదు. గోళీ అంత బాగా పనిచేసింది.

బ్రేకు పట్టలేదని డ్రైవర్ చెబితే ఏమవుతుందో మీకు తెలుసు. ఆ బస్సును చివరిసారి చూసి పంపిన మెకానిక్ మెడకు చుట్టుకుంటుంది. ఆ మెకానిక్ ఎవరో నాకు తెలుసు. మేము భాయ్ అని పిలిచే పెద్ద మెకానిక్. దుండిగల్ దగ్గర పల్లె మనిషి. పదేళ్ళుగా మధ్యాహ్నం ఒకే చెట్టు కింద టిఫిన్ డబ్బాలు విప్పుకున్నవాళ్ళం. ఆ మాట నోట్లోంచి వచ్చేటప్పుడు భాయ్ గుర్తుకు రాలేదని చెబితే అబద్ధం. వచ్చాడు. అయినా ఆ మాట వచ్చింది.

బస్సును డిపోకు తెచ్చారు. మేనేజర్ నన్ను, కండక్టరమ్మను బయట బల్ల మీద కూర్చోమన్నాడు. సూపర్‌వైజర్ నా వాంగ్మూలం రాసుకున్నాడు. బ్రేకు తొక్కాను, పట్టలేదు అని చెప్పాను. కండక్టరమ్మను అడిగితే, ఆలోచించి రాస్తానని కాగితం తీసుకుంది. ఆయన వెళ్ళాక మెల్లగా నా వైపు తిరిగింది. వారం తర్వాత నాతో మాట్లాడటం అదే మొదటిసారి.

“అన్నా, నేను అబద్ధం రాయను,” అంది. “నీ మీద నేను చెప్పుడు కూడా నాకు ఇష్టం లేదు. రెండు గంటల దాకా ఈ కాయితం ఇట్లనే ఉంటది. గా లోపట నువ్వే పోయి చెప్పు.”

గోడ గడియారం పన్నెండు దాటింది. నేను లేచి షెడ్డు వైపు నడిచాను. ఏం చేయాలనో నాకే తెలియదు. మా బస్సు, కిందికి దిగి అడుగు భాగం చూసే గుంత మీద నిలిపి ఉంది. కింద లైటు వెలుగుతోంది. చక్రాలన్నీ విప్పి పక్కన పెట్టారు. కింద నుంచి సుత్తి చప్పుడు వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. పక్కన ఉన్న మనిషి చెప్పాడు, బస్సు వచ్చినప్పటి నుంచి భాయ్ పైకి రాలేదట. నమాజుకు కూడా పోలేదట.

కాసేపటికి భాయ్ మెట్లెక్కి వచ్చాడు. మొహమంతా నల్లటి గ్రీసు. నన్ను చూసి చేతులు గుడ్డకు తుడుచుకుంటూ పక్కన నిలబడ్డాడు.

“మూడుసార్లు చూసిన తమ్మీ. ఏం దొరుకుత లేదు,” అన్నాడు. “బ్రేకు లైనింగ్ నేనే ఏసిన. నా చెయ్యే ఎక్కడనో తప్పింది గావచ్చు. ఇంకా జర ముందుకు పోతే గా ముసలామె... నీ మీదికి కేసు అయితుండె. మాఫ్ చెయ్యి.”

ఆయన నా కోసం పరేషాన్ అవుతున్నాడు. లేని తప్పును మూడుసార్లు వెతికి, దొరకకపోయినా తన నెత్తిన వేసుకుంటున్నాడు. జేబులోంచి గోళీల పట్టీ తీసి ఆయన చేతిలో పెట్టాను. ఏంటిదని అడిగాడు. చెప్పాను. మొత్తం చెప్పాను, తుమ్ముల దగ్గర నుంచి. ఆయన ఆ పట్టీని వెలుతురుకు పట్టుకుని కాసేపు చూశాడు. తిరిగి నా చేతిలో పెట్టాడు. గుంతలోకి దిగి లైటు ఆర్పేశాడు.

మేనేజర్ గదిలోకి పోయేటప్పటికి ఒంటిగంటన్నర. ఆయన నా మొదటి వాంగ్మూలాన్ని, నా మొహాన్ని మార్చి మార్చి చూశాడు. ముందే చెప్పి ఉంటే ఏం చేసేవారు సార్ అని అడిగాను. సెలవిచ్చి డాక్టర్ దగ్గరికి పంపేవాణ్ణని చాలా మామూలుగా అన్నాడు. స్టీరింగు నుంచి దింపేవారు కదా అన్నాను. తుమ్ములకు ఎవరయ్యా దింపేది అన్నాడు. నేను ఎన్నేళ్ళ నుంచో మోస్తున్న భయం అంత చిన్న జవాబుతో పోయేదని అప్పుడు తెలిసింది. కానీ అబద్ధం చెప్పినందుకు మాత్రం ఆయన వదల్లేదు. ఛార్జి మెమో ఇచ్చాడు. రెండు నెలలు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. షెడ్డులో పని. నేను గొట్టం పట్టుకుని బస్సులు కడిగాను. తల ఎత్తలేదు.

డాక్టర్ దగ్గరికి పోకుండా మళ్ళీ స్టీరింగు లేదని కూడా రాశాడు. పెద్దాసుపత్రిలో చెవి ముక్కు గొంతు చూసే డాక్టరమ్మ, మా పెద్దమ్మాయి వయసుది. నా కథ అంతా విని నవ్వలేదు. పట్టీ అడిగి తీసుకుని, వెనకవైపు చిన్న అక్షరాలు వేలితో చూపింది. ఇది వేసుకుంటే మగత వస్తుంది, బండి నడపరాదు అని ఇంగ్లీషులో ఉందట.

“చదవలేదా?” అంది.

లేదన్నాను.

“ఎవ్వరూ చదవరు. గోళీలు మంచివే, మీ పనికి పనికిరావు అంతే. మీకు కావాల్సింది వేరే ఉంది.”

ముక్కులో కొట్టుకునే స్ప్రే రాసింది. నేను సంతోషంగా ఇంటికి పోయి, తల ఆకాశానికి ఎత్తి, ముక్కు లోపలికి గురిచూసి కొట్టి, గట్టిగా పీల్చాను. మందంతా గొంతులో పడి చేదు. నాలుగో రోజుకు ముక్కులోంచి కాస్త రక్తం వచ్చింది. తుమ్ములు అట్లాగే ఉన్నాయి. ఇది పనికిరాని మందని పక్కన పెట్టి, తిరిగి పోయి డాక్టరమ్మతో చెప్పాను. ఎట్లా కొడుతున్నారో చూపించమంది. చూపించాను. అప్పుడు నవ్వింది.

ఇది ఇక్కడ వివరంగా రాస్తాను, ఎందుకంటే తప్పు చేసేది నేనొక్కణ్ణే కాదట. తల ఎత్తకూడదు, కాస్త ముందుకు వంచాలి. కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో కొట్టాలి. సీసా మూతి ముక్కు మధ్య గోడకు తగలకుండా బయటి వైపు, చెవి దిక్కుకు ఉండాలి. గట్టిగా పీల్చకూడదు, మామూలుగా ఊపిరి తీసుకుంటే చాలు. అన్నిటికంటే ముఖ్యం, అది గోళీలాగా అరగంటలో పనిచేయదు. తుమ్ము వచ్చినా రాకపోయినా రోజూ కొట్టాలి, పది పదిహేను రోజులు ఓపిక పట్టాలి. వచ్చే ఏడు పూత రాకముందే మొదలుపెట్టాలి. కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు కలిపి పొద్దున సాయంత్రం ముక్కు కడుక్కోమంది. డ్యూటీ దిగి ఇంటికి పోగానే బట్టలు మార్చుకుని స్నానం చేయమంది. మా ఇంటామె, ఇన్ని రోజులు చెప్పింది నేను కాదా, ఆ పిల్ల చెబితే వింటావా అంది. ఆమె చెప్పింది స్నానం గురించే. అది నిజమే.

పన్నెండో రోజో పదమూడో రోజో, సరిగ్గా గుర్తు లేదు. షెడ్డు వెనక గోడ పక్కన బస్సు కడుగుతున్నాను. ఆ గోడ అవతల అంతా వయ్యారిభామే. బస్సు మొత్తం కడిగి గొట్టం చుట్టేటప్పుడు గుర్తొచ్చింది, పొద్దుటి నుంచి తుమ్మలేదని. ఈసారి తల తేటగా ఉంది. దూరంగా ఎవరో పిలిస్తే మొదటి పిలుపుకే పలికాను. ఒంటరిగా అక్కడే నిలబడి, మెల్లగా, రెండు ముక్కులతో గాలి పీల్చి వదిలాను. మళ్ళీ పీల్చాను.

అవ్వ ఊరికి వారపు సెలవు రోజు పోయాను. మా బావమరిది పొలంలోవి రెండు బస్తాల వడ్లు ఆటోలో వేసుకుపోయాను. నాది ఒక్క బస్తా కూడా పోలేదు కొడుకా అని ఆమె ఒకటి దించుకుని ఒకటి వెనక్కి పంపింది. బ్రేకు గురించి అబద్ధం చెప్పానని ఆమెకు చెప్పాను. నీ కండ్లు చూస్తేనే తెలిసిందని, అందుకే అడిగానని అంది.

భాయ్‌తో మాటలు కలవడానికి ఎక్కువ రోజులు పట్టింది. రెండు నెలలూ ఒకే షెడ్డులో ఉన్నాం. పని చెప్పేవాడు, పానా అడిగేవాడు, అంతకు మించి లేదు. మధ్యాహ్నం డబ్బా వేరే చోట విప్పుకునేవాడు. నేను పిలవలేదు, పిలిచే మొహం లేదు. నా శిక్ష ముగిసే వారంలో ఒకరోజు డబ్బా తెచ్చుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

“గుంతల కూసోని మూడుసార్లు చూసిన చూడు,” అన్నాడు. “గదే నాకు ఇంకా యాదికొస్తది. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది గా పూట. నువ్వు వడ్లు తొక్కింది కాదు, గది పెద్దది.”

అవునన్నాను. ఇద్దరం తిన్నాం. లేచేటప్పుడు, తన డబ్బాలో మిగిలిన కూర నా గిన్నెలో వంచి పోయాడు.

మళ్ళీ స్టీరింగు ఇచ్చాక మేనేజర్ ఒక పని చెప్పాడు. డ్యూటీ మారే వేళ గేటు దగ్గర డ్రైవర్లందరినీ నిలబెట్టి పది నిమిషాలు మీటింగు పెడతారు. అక్కడ జరిగింది జరిగినట్టు చెప్పమన్నాడు. ఛార్జి మెమో కంటే అది కష్టం. చెప్పాను. గోళీ, మగత, అవ్వ, బ్రేకు అబద్ధం, భాయ్. కండక్టరమ్మ వెనక వరసలో నిలబడి వింటోంది. నేను ముగించాను. చప్పట్లు లేవు, తిట్లు లేవు. ఒక్కొక్కరే తల వంచుకుని తమ బస్సుల వైపు వెళ్ళిపోయారు. అందరి కళ్ళలో దిగజారిపోయానని అనుకున్నాను.

డ్రైవర్లు నడుము వాల్చే గదిలోకి పోయి కూర్చున్నాను. కాసేపటికి తలుపు తీసుకుని ఒకాయన వచ్చాడు. మా అందరిలో సీనియర్. ప్రమాదం జరిగిన మరునాడు షెడ్డులోకి వచ్చి, డ్యూటీ మీద నిద్రపోయేవాడు డ్రైవరేనా అని పదిమందిలో నన్ను అడిగిన మనిషి. లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేశాడు. చొక్కా లోపలి జేబులోంచి సగం వాడిన గోళీల పట్టీ తీసి మంచం మీద పెట్టాడు. నాదీ ఆయనదీ ఒకటే రంగు.

“ఎన్నేండ్ల సంది?” అన్నాను.

“నీకంటే ముందటి సంది.”

సాయంత్రానికి ఆ మంచం మీద ఐదు పట్టీలు అయ్యాయి. ఒక్కొక్కరు ఒక్కొక్కసారి, ఎవరూ చూడకుండా వచ్చి పెట్టి పోయారు. ఒకటి తుమ్ములకు కాదు, నడుము నొప్పికి. దాని వెనక కూడా చిన్న అక్షరాలు ఉన్నాయి. ఇన్నేళ్ళు పక్కపక్క మంచాల మీద పడుకున్నవాళ్ళం, ఒకరి జేబు సంగతి ఒకరికి తెలియదు.

సీనియర్ మాత్రం పోకుండా చివరి దాకా అక్కడే కూర్చున్నాడు. రేపు డాక్టరమ్మ ఉంటుందా అని అడిగాడు. పొద్దున పోతే చీటీ దొరుకుతుందన్నాను. రేపు తనకు మొదటి ట్రిప్పు ఉందన్నాడు, ఏం చెప్పి సెలవు అడగాలో తెలియడం లేదన్నాడు.

ఇద్దరం కలిసి మేనేజర్ గదికి నడిచాం. ఉన్నది ఉన్నట్టు ఆయనే చెప్పాడు, నేను పక్కన నిలబడ్డాను. మరునాడు ఆయన దవాఖానకు పోయాడు. ఆయన బస్సు నేను తీసుకుపోయాను.